డాట్సన్ 240జెడ్‌కి ఫైబర్‌గ్లాస్ బాడీ కిట్ బిగించడం: కొలతల నుంచి రంగు దాకా సమగ్ర మార్గదర్శి

కిట్ పెట్టె ఇంటికి రాగానే చెయ్యి డ్రిల్లింగ్ మెషీన్ మీదికే పోతుంది. దాన్ని ఇంకొన్ని వారాలు అల్మరాలోనే ఉంచండి. ఫైబర్ ముక్కకు బోల్టులు వేయడం ఒక పూట పని. ముక్క, రేకు, చక్రం ఈ మూడింటినీ ఒకదానికొకటి కుదిర్చే పనికే నెలలు పడతాయి. ఆ కుదుర్పు సరిగ్గా జరిగితే మిగతాదంతా తేలిక. జరగకపోతే ఎంత ఖరీదైన రంగు కొట్టినా రెండో వేసవికి అంచులు పగులుతాయి, పుట్టీ లేస్తుంది, టైరు తగులుతుంది.

ఇంకో మాట ముందే చెబుతాను, ఈ వ్యాసమంతా దాని మీదే నడుస్తుంది. క్లాసిక్ కారుకి ఫైబర్ భాగాలను బోల్టులతో బిగించండి. జిగురుతో అతికించి, సందు కనబడకుండా పుట్టీ పూసి, ఒకే రేకులా కనిపించేట్టు చెయ్యొద్దు. దానికి కారణాలు పని మధ్యలో వాటంతటవే బయటపడతాయి.

ఏ కారు, ఏ కిట్

1969లో నిస్సాన్ ఈ కారును జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతోనూ, అమెరికాలో డాట్సన్ 240జెడ్ పేరుతోనూ తెచ్చింది. కంపెనీ కోడ్ ఎస్30. 240జెడ్‌కి ఆరు సిలిండర్ల ఎల్24 ఇంజను, 2,393 సీసీ. 1971లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది ఈ కారే. 1973లో అదే సఫారీని మన భారత సంతతి డ్రైవర్ శేఖర్ మెహతా ఈ కారులోనే గెలిచాడు. అమెరికాలో పీటర్ బ్రాక్ పెట్టిన బీఆర్ఈ (బ్రాక్ రేసింగ్ ఎంటర్‌ప్రైజెస్) టీమ్ తరఫున జాన్ మార్టన్ 1970, 1971 సంవత్సరాల్లో వరుసగా అక్కడి స్పోర్ట్స్ కార్ల క్లబ్ ఎస్‌సీసీఏ నడిపే రేసుల్లో సీ-ప్రొడక్షన్ తరగతి టైటిళ్లు తెచ్చాడు.

ఇవాళ మార్కెట్లో దొరికే కిట్లకు మూలం ఆ రోజుల్లోనే ఉంది. 1971లో జపాన్‌లో మాత్రమే అమ్మిన 240జెడ్‌జీ మోడల్‌కి నాలుగు చక్రాల మీదా విడిగా స్క్రూలతో బిగించిన ఫ్లేర్లు (మడ్‌గార్డు అంచును వెడల్పు చేసే ముక్కలు), ముందు జీ-నోస్ అనే పొడుగాటి ముక్కు వచ్చాయి. బీఆర్ఈ రేసు కార్ల నుంచి ముందు బంపర్ కింద ఉండే 'స్పూక్' అనే ఎయిర్ డ్యామ్ (గాలిని అడ్డుకునే పలక), వెనక డిక్కీ తలుపు మీద ఉండే డక్‌టెయిల్ స్పాయిలర్ వచ్చాయి. ఈ వ్యాసంలో నేను చెప్పేది నాలుగు జెడ్‌జీ తరహా ఫ్లేర్లు, స్పూక్, డక్‌టెయిల్ బిగించడం గురించి. జీ-నోస్ వేరే కథ. దాంతో కారు పొడవు దాదాపు 190 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బంపర్, హెడ్‌లైట్ గిన్నెలు అన్నీ తీసేయాలి. మొదట ఈ ఫ్లేర్ల పని చేతికి అలవాటయ్యాక దాని సంగతి చూడొచ్చు.

కోయాలా వద్దా

ఫ్లేర్ పెట్టేది వెడల్పు చక్రం కోసం. చక్రం మామూలు వెడల్పుదైతే అంచు రేకును లోపలికి మడిచి, దానిమీద ఫ్లేర్ బిగిస్తే చాలు, కోత అక్కర్లేదు. తుప్పు లేని, అసలు రంగు మీదున్న కారు మీకు దొరికి ఉంటే అంతటితో ఆగమనే నా సలహా. అలాంటి కార్లు ఇక కొత్తగా పుట్టవు.

ఇంకో కోణం కూడా ఉంది. డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్న మనవాళ్లలో కొందరికి ఏదో ఒకరోజు కారును హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లాలని ఉంటుంది. భారత్‌లో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి 'వీఏ' సిరీస్ నంబరు రావాలంటే ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. వెనక మడ్‌గార్డు కోసిన కారుతో ఆ కౌంటర్ దగ్గర నిలబడితే ఇబ్బందే. అలాంటి ఆలోచన ఉంటే రేకు జోలికి పోకండి.

ముందు మడ్‌గార్డులు బోల్టులతో ఊడివస్తాయి. కాబట్టి పాత జత ఇంకొకటి కొని, దాన్ని కోసి, అసలువి నూనె రాసి గుడ్డలో చుట్టి దాచుకోండి. వెనకవి బాడీకే వెల్డయి ఉంటాయి. అక్కడ కోస్తే కోసినట్టే.

కొనేటప్పుడు ఏం చూడాలి

ఫైబర్ ముక్కను ముందువైపు చూసి కొనకూడదు. తిప్పి వెనకవైపు చూడాలి. జెల్‌కోట్ అనే మెరిసే పై పూత అచ్చు లోపలి నునుపును మాత్రమే చూపిస్తుంది. పనివాడి చెయ్యి తెలిసేది వెనకే. నార పొర అంతటా ఒకే రంగులో, కాస్త పారదర్శకంగా ఉండాలి. తెల్లటి మచ్చలు కనిపిస్తే అక్కడ నారకు రెజిన్ (నారను పట్టి గట్టిపడే ద్రవం) సరిగ్గా పట్టలేదని అర్థం. రెజిన్ మడుగు కట్టి పసుపు గాజులా ఉంటే అక్కడ నార తక్కువ, అది పెళుసుగా విరుగుతుంది.

తర్వాత ఒక నాణెం తీసుకుని అంచుల వెంట, మూలల వెంట తట్టండి. గట్టి చోట 'టక్' మని స్పష్టంగా వినిపిస్తుంది. జెల్‌కోట్ వెనక గాలి చిక్కుకున్న చోట శబ్దం డొల్లగా వస్తుంది. అలాంటి బుడగలు ఎక్కువగా పదునైన మూలల్లోనే ఉంటాయి, ఎందుకంటే నార అక్కడ వంగడానికి మొండికేస్తుంది. ఒకటి రెండుంటే మనమే సరిచేసుకోవచ్చు. మూల పొడవునా ఉంటే వెనక్కి పంపేయండి.

ఎడమ, కుడి ముక్కలను పక్కపక్కన నేలమీద పెట్టి కొస నుంచి కొసకు కొలవండి. 3, 4 మిల్లీమీటర్ల తేడా మామూలే. అంతకు మించితే అచ్చులోంచి పచ్చిగా ఉండగానే లాగేశారని అనుమానించాలి.

ముందు కారు, తర్వాత కిట్

ఎస్30కి తుప్పు ఎక్కడ పడుతుందో ఆ కారు నడిపినవాళ్లందరికీ తెలుసు. బ్యాటరీ కింది పళ్లెం, నేల రేకులు, వాటి కింది ఛాసిస్ రైళ్లు, ముందు మడ్‌గార్డుల వెనక కింది మూలలు, తలుపు వెనక, వెనక చక్రం ముందు ఉండే చిన్న రేకు. ఈ ఆఖరి దాన్ని ఇంగ్లీషులో డాగ్‌లెగ్ అంటారు. వెనక ఫ్లేర్ ముందు కొస కూర్చునేది సరిగ్గా దాని మీదే. కాబట్టి ఆ చోటు గట్టిగా లేకుండా కిట్ మాట ఎత్తొద్దు.

పలుచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని చక్రం అంచు చుట్టూ తిప్పండి. ఎక్కడ పట్టు సడలితే అక్కడ లప్పం మందంగా ఉన్నట్టు. లప్పం మీద ఫైబర్ బిగిస్తే బోల్టుకి పట్టు ఉండదు. తుప్పు కోసేసి, కొత్త రేకు వెల్డ్ చేసి, టింకరింగ్ పని పూర్తయ్యాకే ముందుకు వెళ్లాలి. ఫ్లేర్ కింద ఎలాగూ కనబడదు కదా అని తుప్పును వదిలేస్తే అది లోపల్లోపల పాకి, ఫ్లేర్ తీసిన రోజున రేకు ముక్కలుగా చేతిలోకి వస్తుంది.

తుప్పు పని అయ్యాక చక్రాలు, స్ప్రింగులు ఖాయం చేయండి. ఎత్తు తేలకుండా ఫ్లేర్ చోటు తేల్చలేం. 240జెడ్ ఫ్యాక్టరీ చక్రం 14 అంగుళాల వ్యాసం, 4.5 అంగుళాల వెడల్పు. ఫ్లేర్ల కింద చాలామంది వాడేది 15 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ చక్రం, అంటే బిగించే ముఖం సరిగ్గా వెడల్పు మధ్యలో ఉండేది. బోల్టులు నాలుగు, పీసీడీ (బోల్టులు కూర్చునే వృత్తం వ్యాసం) 114.3 మిల్లీమీటర్లు. మీరు ఏది ఎంచుకున్నా అసలు చక్రమూ అసలు టైరూ కారుకి ఎక్కాలి. కాగితం మీది లెక్కతో రేకు కోయకూడదు.

చక్రం లోపలివైపు సస్పెన్షన్ స్ట్రట్ గొట్టానికీ, స్ప్రింగ్ కింది పళ్లేనికీ తగలకుండా చూడాలి. బయటివైపు పరీక్ష ఇలా చేయాలి. స్ప్రింగ్ తీసేసి స్ట్రట్ ఒక్కటే తిరిగి బిగించండి. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం వేసి, హబ్ కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ (సస్పెన్షన్ పైకి వెళ్లే హద్దులో ఉండే రబ్బరు దిమ్మ) తగిలేదాకా నెమ్మదిగా లేపండి. ముందు చక్రాలనైతే అదే ఎత్తులో ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పండి. టైరు ఎక్కడ రేకును తాకుతుందో అక్కడ మార్కర్‌తో గీయండి. కోత ఎంత కావాలో ఆ గీతే చెబుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టొద్దు.

ముక్కలను కడగడం, ఎండబెట్టడం

అచ్చు నుంచి ముక్క ఊడిరావడానికి మైనం, దాని మీద పీవీఏ అనే పూత వాడతారు. అవి ముక్క మీద అలాగే ఉండిపోతాయి. ఎమరీ పేపర్ పట్టించే ముందే వాటిని తీసేయాలి. ముందే రుద్దితే మైనం గీతల్లోకి దూరి, రంగు వేశాక చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. పీవీఏ నీళ్లలో కరుగుతుంది, కాబట్టి వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్‌తో రెండు మూడు సార్లు కడగండి. ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడవండి. ఒక గుడ్డతో పూసి, తడి ఆరకముందే ఇంకో శుభ్రమైన గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే మైనం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కొత్త పాలిస్టర్ ముక్క ఇంకా పచ్చిగా ఉంటుంది. రెజిన్‌లోని స్టైరీన్ వాసన వస్తున్నంత కాలం అది లోలోపల గట్టిపడుతూ, కాస్త ముడుచుకుంటూ ఉన్నట్టే. ఈ దశలో రంగు వేస్తే కొన్ని నెలలకు నార గీతలు రంగులోంచి పైకి కనిపిస్తాయి. కొన్ని వారాలు ఎండ తగలనివ్వండి. అయితే గోడకు ఆనించి నిలబెడితే అదే వంకరలో గట్టిపడిపోతుంది. కారు మీద వాటి చోట్లో టేపుతో, క్లాంపులతో వదులుగా నిలబెట్టి, కారునే ఎండలో పెట్టడం ఉత్తమం. ముక్క కారు ఒంపుకి అలవాటు పడుతూ గట్టిపడుతుంది.

కచ్చాకుట్టు

దర్జీ చొక్కాకి ముందు కచ్చాకుట్టు వేసి ఒంటిమీద చూసుకున్నట్టే ఇక్కడా చేయాలి. మడ్‌గార్డు మీద వెడల్పాటి మాస్కింగ్ టేపు అంటించండి, గీతలన్నీ దానిమీదే. చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా ఒక గీత గీయండి. ఫ్లేర్ మీద కూడా మధ్య గీత పెట్టి రెంటినీ కలపండి. తలుపు వెనక అంచు నుంచి ఒక కొలత, తలుపు కింద ఉండే సిల్ రేకు కింది అంచు నుంచి ఒక కొలత రాసుకుని రెండోవైపు అవే కొలతలకు పెట్టండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. యాభై ఏళ్ల కారు రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఎప్పుడో తగిలిన దెబ్బ, ఎవరో చేసిన టింకరింగ్, అసలు ఫ్యాక్టరీలోనే ఉన్న తేడా, ఏదో ఒకటి ఉంటుంది. కొలత ప్రకారం పెడితే ఒకవైపు ఫ్లేర్ చక్రానికి ఎడంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు నేను కొలతను పక్కన పెట్టి, టైరుకీ ఫ్లేర్ అంచుకీ మధ్య సందునే నమ్ముతాను. కారు రెండు పక్కలనూ ఒకేసారి ఎవరూ చూడలేరు. చక్రం చుట్టూ ఉన్న సందు మాత్రం పది గజాల దూరం నుంచే తెలిసిపోతుంది.

కారును చదునైన నేలమీద దాని బరువు మీదే నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. రాత్రికి వదిలేసి మర్నాడు పొద్దున మళ్లీ చూడండి.

ఫ్లేర్ ఒక చోట రేకును తాకి, ఇంకో చోట ఎత్తుగా నిలబడడం సహజం. 2, 3 మిల్లీమీటర్ల సందును ఫ్లేర్‌కీ రేకుకీ మధ్య పెట్టే రబ్బరు బీడింగ్ మింగేస్తుంది. అంతకంటే ఎక్కువుంటే బోల్టుతో లాగి కూర్చోబెట్టాలని చూడకండి, జెల్‌కోట్ నెర్రెలిస్తుంది. హీట్ గన్‌తో వెనకవైపు నుంచి దూరంగా వేడి చూపించి, చేతికి మెత్తబడినట్టు తెలిశాక కారు మీద క్లాంపు వేసి చల్లారనివ్వండి. అయినా రాకపోతే ఎత్తుగా ఉన్న చోటును రుద్దాలి, పల్లంగా ఉన్న చోట వెనకవైపు నార పొర వేయాలి. రేకుకీ ఫ్లేర్‌కీ మధ్య కార్బన్ పేపర్ పెట్టి కదిపితే తగిలే చోట్ల మరకలు పడతాయి. ఆ మరకలనే రుద్దుకుంటూ పోవాలి.

ఫైబర్ రుద్దేటప్పుడు మామూలు గుడ్డ ముక్క ముఖానికి కట్టుకుంటే సరిపోదు. ఎన్95 లేదా పీ100 మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. పని అయ్యాక ముందు చన్నీళ్లతో ఒళ్లు కడుక్కోండి. వేడినీళ్లకు చర్మ రంధ్రాలు తెరుచుకుని నలుసులు దిగుతాయని పాత పనివాళ్లంతా చెప్పే మాట, నేను దాన్ని పాటిస్తాను.

వెనక మడ్‌గార్డు కోత

మొత్తం పనిలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. ముందు మడ్‌గార్డు ఒంటి రేకు, గీత మీద కోసి అంచు నున్నగా చేస్తే అయిపోతుంది. వెనక రెండు రేకులుంటాయి. బయట కనిపించే క్వార్టర్ ప్యానెల్ ఒకటి, లోపల చక్రం గూడు రేకు ఒకటి. ఈ రెండూ చక్రం అంచు దగ్గరే కలిసి స్పాట్ వెల్డయి ఉంటాయి. ఆ అంచు కోసేస్తే రెంటికీ బంధం తెగిపోతుంది. బాడీ బలం అక్కడ తగ్గుతుంది, నీళ్లు, రాళ్లు, మట్టి నేరుగా లోపలికి పోతాయి. చాలామంది కోసేసి, ఆ నోటిని ఫ్లేర్‌తో మూసి వదిలేస్తారు. పాత ఫ్లేర్లున్న కారు కొనేటప్పుడు కింద పడుకుని టార్చ్ వేసి చూడాల్సింది ఆ చోటే.

గ్రైండర్ తీసే ముందు పెట్రోలు సంగతి చూడండి. ట్యాంకు వెనక నేల కింద ఉంటుంది. నింపే మూత కుడివైపు వెనక క్వార్టర్‌లో ఉంటుంది, దాని గొట్టమూ ఆవిరి గొట్టాలూ లోపలి ప్యానెల్ వెనకగా వెళ్తాయి. నిప్పురవ్వలు పడేది అక్కడికే. ట్యాంకు ఖాళీ చేసి దింపేయండి, గొట్టాలు తీసి రంధ్రాలు మూయండి, బ్యాటరీ పూర్తిగా విప్పేయండి. గూడు లోపలివైపు అంటించిన తారు పొరను గీకేయాలి, వెల్డింగ్ వేడికి అది అంటుకుంటుంది. తివాచీ, లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లు అన్నీ బయటికి రావాలి. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి, గమనించడానికి ఒక మనిషి తోడుండాలి.

గీత గీయడం ఇలా. ఫ్లేర్‌ను కచ్చాకుట్టు చోట్లో నిలబెట్టి దాని బయటి అంచు వెంట గీయండి. తీసేసి, ఆ గీతకు లోపలగా, అంటే చక్రం వైపుగా బోల్టుల వరస ఎక్కడ వస్తుందో చూడండి. బోల్టుల వరస కింద ఇంకో 20 మిల్లీమీటర్ల రేకు మిగలాలి. అక్కడ రెండో గీత గీయండి, కోయాల్సింది దాని మీదే. మొదటిసారి 10 మిల్లీమీటర్లు తక్కువగానే కోయండి. టైరు తగిలితే మళ్లీ కోయొచ్చు, ఎక్కువ కోసిన రేకు మాత్రం తిరిగి రాదు.

ముందు బయటి రేకు ఒక్కదాన్నే కోయాలి. సన్నటి కటాఫ్ చక్రంతో, రేకు తెగేంత లోతు మాత్రమే. లోపలి గూడు రేకుకి గాటు పడకూడదు. బయటి పట్టీ ఊడివచ్చాక లోపలి రేకు ఒంటరిగా కిందికి వేలాడుతూ కనిపిస్తుంది. దాని అంచు నుంచి పైకి 20, 25 మిల్లీమీటర్లకొకటి చొప్పున గాట్లు పెట్టండి. అప్పుడది వరసగా నాలుకల్లా విడిపోతుంది. ఒక్కో నాలుకనూ చిన్న సుత్తితో బయటికి, పైకి మడుస్తూ పోతే అది బయటి రేకు లోపలి ముఖానికి వెళ్లి ఆనుకుంటుంది. ఒంపులో నాలుకల మధ్య వి ఆకారంలో సందులు తెరుచుకుంటాయి, కంగారు పడకండి.

రెండు రేకులనూ లాకింగ్ ప్లయర్‌తో పట్టి ఉంచి, 0.6 మిల్లీమీటర్ల తీగతో మిగ్ వెల్డింగ్ చుక్కలు పెట్టండి. ఒక చుక్క ఇక్కడ పెడితే తర్వాతది అరచేయి వెడల్పు అవతల. పక్కపక్కనే పెడితే వేడికి పెద్ద ప్యానెల్ అలలు తేలుతుంది, దాన్ని సరిచేయడం మళ్లీ ఒక పని. ప్రతి చుక్కా చేతికి చల్లగా తగిలాకే దాని పక్కకు రావాలి. వి సందులు చిన్నవైతే వెల్డ్‌తో నింపండి, పెద్దవైతే రేకు ముక్క కోసి పెట్టండి. వెల్డింగ్ అయ్యాక గ్రైండ్ చేసి, పూత లేని రేకు కనిపించే ప్రతి చోటా ఎపాక్సీ ప్రైమర్, దాని మీద సీమ్ సీలర్ రెండు వైపులా, కింద వైపు రాళ్ల దెబ్బకు తట్టుకునే స్టోన్ గార్డ్ పూత. లోపలి బోలులోకి క్యావిటీ మైనం కొట్టండి. అది మాత్రం రంగు పనంతా అయిన తర్వాతే, మైనం ఆవిరి రంగుకి శత్రువు.

ఇదంతా అయ్యాక ఒక బకెట్ నీళ్లు తీసుకుని గూడులోకి గట్టిగా చల్లండి. లోపల తివాచీ చోట్లో ఆరిన కాగితాలు పరిచి ఉంచండి. కాగితం తడిస్తే ఎక్కడ సీలర్ అందలేదో తెలిసిపోతుంది.

రంధ్రాలు, బోల్టులు, బీడింగ్

అతికించొద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. ఎండకు ఉక్కు సాగే దానికి దాదాపు రెట్టింపు సాగుతుంది ఈ నార ఫైబర్. మీటరు పొడవున్న ఫ్లేర్ మీద, 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు రెంటి మధ్య దాదాపు అర మిల్లీమీటరు జరుగుబాటు ఉంటుంది. టెక్సస్ ఎండలో ముదురు రంగు కారు రేకు రాత్రికీ పగటికీ అంతకంటే ఎక్కువే మారుతుంది. బోల్టు చుట్టూ చోటుంటే ఫ్లేర్ ఆ మేరకు జరిగి ఊరుకుంటుంది. పుట్టీతో కట్టేస్తే ఆ జరుగుబాటంతా పుట్టీ మీద పడి, ఫ్లేర్ ఆకారంలోనే వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి నీళ్లు రేకు దాకా వెళ్తాయి. పైగా జెడ్‌జీకి నిస్సాన్ కూడా స్క్రూలతోనే బిగించింది. స్క్రూ తలలు కనిపించడమే ఆ కారు అందం.

రంధ్రాల మధ్య 100 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఎడం ఉంచండి. రెండు కొసల్లో ఒక్కోటి తప్పనిసరి. ఫైబర్‌ను ఎప్పుడూ జెల్‌కోట్ వైపు నుంచే, టేపు అంటించి, వెనక చెక్క ముక్క ఆనించి డ్రిల్ చేయాలి. మొదట డ్రిల్‌ను వెనక్కి తిప్పి జెల్‌కోట్ పొరను గీరి, తర్వాత ముందుకు తిప్పితే పెచ్చు లేవదు. 6 మిల్లీమీటర్ల బోల్టుకి ఫైబర్‌లో 7 లేదా 7.5 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. పైన చెప్పిన జరుగుబాటుకి చోటు అదే.

ముందు పైన మధ్య రంధ్రం ఒక్కటే పెట్టి బిగించండి. మళ్లీ చూసుకుని రెండు కొసలూ, ఆ తర్వాత మధ్యవి అటొకటి ఇటొకటి. ఒక కొస నుంచి మొదలుపెట్టి వరసగా వెళ్తే చివరికి ఫ్లేర్ మెలిపడుతుంది.

రేకులో రివ్‌నట్లు (రంధ్రంలోనే పట్టుకుని నిలిచే నట్లు) పెట్టడం నాకు ఇష్టం, తర్వాత ఎప్పుడైనా ఒక్కరే విప్పుకోవచ్చు. రివ్‌నట్ పెట్టే ముందు రంధ్రం అంచుకి కుంచెతో ఎపాక్సీ ప్రైమర్ రాయండి. స్టెయిన్‌లెస్ బోల్టు వాడితే మర బిగుసుకుపోకుండా దానికి యాంటీ సీజ్ పేస్టు రాయాలి, ఉక్కు రేకుకీ స్టెయిన్‌లెస్‌కీ తడి తగిలితే పడదు. తల కింద వెడల్పాటి వాషరు, దాని కింద నైలాన్ లేదా రబ్బరు వాషరు. చేతి స్పానర్‌తో బీడింగ్ కాస్త నొక్కుకున్నట్టు కనిపించగానే ఆపండి. ఎయిర్ గన్ దగ్గరికి రానివ్వద్దు.

బుడగలు, పగుళ్లు, వెనక బలం

నాణెంతో పట్టుకున్న డొల్ల చోట్లను పదునైన మొనతో తెరిచి, వదులుగా ఉన్న జెల్‌కోట్ అంతా తీసేయండి. 80 నంబరు ఎమరీతో రుద్ది, ఎపాక్సీ రెజిన్‌లో నూరిన గాజు నార కలిపి నింపండి. ఆరిన పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ రెజిన్ మాత్రం సరిగ్గా అంటుకోదు, ఈ వరస మరిచిపోవద్దు.

వెనకవైపు పొర పెంచాలంటే పాలిస్టరూ పనికొస్తుంది. చదరపు మీటరుకు 450 గ్రాముల చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌ను (చిన్న ముక్కల గాజు నార చాపను) కత్తిరించకుండా చేత్తో చింపి వేయండి, చింపిన అంచు పక్క పొరలో కలిసిపోతుంది. 100 గ్రాముల రెజిన్‌కి 1 నుంచి 2 గ్రాముల ఎంఈకేపీ హార్డెనర్. ఇది కంట్లో పడితే చూపు పోవచ్చు, గాగుల్స్ లేకుండా సీసా మూత తీయొద్దు. విడిగా దొరికే కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో దీన్ని నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది.

స్పూక్, డక్‌టెయిల్

స్పూక్ బంపర్ కింద ఉండే వాలెన్స్ రేకుకి బోల్టులతో వేలాడుతుంది. 240జెడ్ ముందు ఇండికేటర్లు ఆ వాలెన్స్‌లోనే ఉంటాయి కాబట్టి వాటిని కదిలించే పని లేదు. అయితే వేగంగా వెళ్లేటప్పుడు గాలి దీన్ని వెనక్కి నెడుతుంది. పై అంచు బోల్టులొక్కటే ఆ బరువు మోయలేవు. కింది అంచు నుంచి వెనక ఛాసిస్ భాగానికి రెండు సన్నటి రాడ్లు కట్టండి, ఒక కొసన రబ్బరు బుష్ ఉండాలి. పూర్తిగా బిగుసుకుపోతే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే పగులుతుంది. కింది అంచుకి నల్ల రబ్బరు పట్టీ తొడగండి, అరిగితే పట్టీ మార్చుకోవచ్చు.

డక్‌టెయిల్‌కి డిక్కీ తలుపు రేకులో రంధ్రాలు పెట్టాలి. ఈ కారులో వెనక నుంచి సైలెన్సర్ పొగ లోపలికి రావడం పాత జబ్బు. ప్రతి రంధ్రం ఆ పొగకు కొత్త దారి. బోల్టు చుట్టూ సీలర్, స్పాయిలర్ కింద పలుచటి ఫోమ్ పట్టీ వేసి, అదే ఊపులో తలుపు చుట్టూ ఉన్న బీడింగ్ కూడా కొత్తది వేసేయండి. బిగించాక తలుపు ఎత్తి వదిలి చూడండి. బరువు పెరిగినందుకు తలుపును ఎత్తి పట్టే పాత స్ట్రట్ నిలబెట్టలేకపోతే మార్చాలి, లేకపోతే ఎప్పుడో నెత్తిమీద పడుతుంది.

రంగు

అన్నీ ఒకసారి బిగించి, కారును కొన్ని రోజులు రంగు లేకుండానే నడపండి. గుంతల్లో, మలుపుల్లో, నలుగురు కూర్చునే కారు కాదు కాబట్టి వెనక సామాను బరువు పెట్టి కూడా. టైరు తగిలిన గుర్తులుంటే ఇప్పుడే కనబడతాయి. తర్వాత ముక్కలన్నీ విప్పి విడిగా రంగు వేయాలి, అంచుల వెనక్కి కూడా రంగు చేరాలంటే వేరే దారి లేదు.

జెల్‌కోట్‌ను 180 నంబరు ఎమరీతో మ్యాట్‌గా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు, దాని మీద హై-బిల్డ్ ప్రైమర్ రెండు మూడు కోట్లు. ఎత్తుపల్లాలు చూపించే గైడ్ కోటుగా నల్లటి పొడి చల్లి, పొడుగాటి బ్లాకుతో 240, ఆ తర్వాత 400, చివర్లో 600. వేళ్లతో రుద్దొద్దు, వేళ్ల గుంటలన్నీ రంగు మెరుపులో లెక్కపెట్టొచ్చు. జెల్‌కోట్ తెగి నార బయటపడిన చోట అలాగే రంగు వేయకండి, ఎపాక్సీతో మూసి మళ్లీ రుద్దండి.

హార్డెనర్ కలిపి వాడే 2కే ప్రైమర్‌లో, రంగులో, క్లియర్ కోటులో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి వాసన తెలియకపోయినా ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తాయి. బయటి గాలి అందించే మాస్క్ లేకపోతే ఆ పని పెయింట్ బూత్ ఉన్న బాడీ షాపుకి ఇచ్చేయండి. అక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. ముక్కలూ కారూ ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి కలిపిన రంగుతో వేయమని అడగండి. మెటాలిక్ అయితే ముక్కలను కారు మీద ఉండే కోణంలోనే నిలబెట్టి కొట్టాలి. పడుకోబెట్టి కొడితే పొడి రేణువులు వేరేగా పడి, అదే రంగు వేరే షేడ్‌లా కనిపిస్తుంది.

రంగు పూర్తిగా గట్టిపడ్డాక బీడింగ్‌తో తిరిగి బిగించండి. బీడింగ్ కింది కొస మూసుకుపోకుండా చిన్న సందు వదిలితే వాన నీళ్లు నిలవకుండా కారిపోతాయి. మొదటి కొన్ని వందల మైళ్ల తర్వాత బోల్టులన్నీ ఒకసారి చేత్తో చూడండి. బీడింగ్ అణిగి కొన్ని వదులవుతాయి. ఆ తర్వాత ఏడాదికోసారి వెనక ఫ్లేర్లు విప్పి, కోసిన అంచు మీద సీలర్, ప్రైమర్ ఎలా ఉన్నాయో చూసి, ఎక్కడైనా ఎర్రటి చుక్క కనిపిస్తే అప్పటికప్పుడే గీకి ప్రైమర్ రాసి మళ్లీ బిగించండి.